ముందు మైకు కొనండి, డబ్బా సంగతి తర్వాత చూద్దాం

ప్రశ్న: నాకు ముప్పై ఒకటో ఏడు. కాకినాడలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. నాలుగేళ్లుగా గిటార్ వాయిస్తూ పాత సినిమా పాటలు, లలిత గీతాలు పాడుకుంటున్నాను, అదీ స్నేహితుల ఇళ్లలోనే. పోయిన సంక్రాంతికి మా వీధిలో మైక్ సెట్ పెట్టించి పాడిస్తే నా గిటార్ ఎవరికీ వినపడలేదు. పైగా రెండుసార్లు చెవులు చిల్లులు పడేంత కూత. ఇప్పుడు నవంబరులో గ్రంథాలయ వారోత్సవాల్లో అరగంట పాడమని పిలిచారు. డెబ్బై, ఎనభై మంది వస్తారట. సొంత సామాను కోసం 40,000 రూపాయలు దాచాను. దుకాణంలో చక్రాల స్పీకరు, దానితోపాటు రెండు వైర్‌లెస్ మైకులు చూపించారు. వెయ్యి వాట్లని రాసి ఉంది. మా తమ్ముడేమో స్టూడియోలో వాడే కండెన్సర్ మైకే కొనాలంటాడు. నా గిటార్‌కు వైరు తగిలించే చోటు లేదు. ఏం కొనమంటారు? ఎవరైనా వాడినవి కొనవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆ వెయ్యి వాట్ల డబ్బాను దుకాణంలోనే వదిలేసి రండమ్మా. అది చెడ్డ వస్తువని కాదు. పుట్టినరోజు నాడు ఫోను కలిపి పాటలు పెట్టుకోవడానికీ, పిల్లలు అంత్యాక్షరి ఆడుకోవడానికీ బాగానే పనికొస్తుంది. ఒక గొంతునూ ఒక గిటార్‌నూ విడివిడిగా, ఎవరి వాటా వాళ్లకు ఇస్తూ వినిపించడం దాని పని కాదు.

సంక్రాంతి నాడు ఏం జరిగిందో మీరు పూర్తిగా రాయలేదు గానీ నాకు కళ్లకు కట్టినట్టే ఉంది. గుండ్రటి దిమ్మ మీద నిటారుగా ఒక స్టాండు, దాని కొనన ఒక మైకు, అది మీ నోటికి జానెడు దూరంలో. గిటార్ కూడా వినపడాలి కదా అని ఎవరో ఆ మైకునే కాస్త కిందికి వంచి ఉంటారు. నోటికీ గిటార్‌కూ నడుమ నిలిచిన మైకు రెండింటినీ అరకొరగా వింటుంది. చాలడం లేదని మైక్ సెట్ అబ్బాయి సౌండు పెంచుతాడు. పెంచిన శబ్దం స్పీకర్లోంచి వచ్చి మళ్లీ అదే మైకులో దూరుతుంది, ఇంకాస్త పెద్దదై బయటికొస్తుంది, మళ్లీ దూరుతుంది. ఫీడ్‌బ్యాక్ అంటే ఇదే. మీరు విన్న కూత కూడా ఇదే. అందులో మీ గొంతు తప్పు లేదు, ఆ అబ్బాయి తప్పు కూడా పెద్దగా లేదు. అతని సామాను ఉపన్యాసాలకు అలవాటు పడింది. పైగా స్తంభానికి కట్టినవి బాకా స్పీకర్లైతే, అవి మాటను ఊరవతల దాకా మోస్తాయి గానీ గిటార్ లావు తీగల మంద్రాన్ని బయటికే రానివ్వవు.

నేనూ మొదట పెద్ద డబ్బాలే కొన్నాను. ఇరవై ఏళ్ల కిందట, దాచుకున్నదంతా పెట్టి రెండు స్పీకర్లు, మైకుల శబ్దాలను కలిపి సర్దే మిక్సరు ఒకటి తెచ్చుకున్నాను. మైకు వాటితో పాటు ఊరికే ఇచ్చారు. ఊరికే వచ్చిన ఆ మైకు నా గొంతును రేకు డబ్బాలో పెట్టి మాట్లాడించినట్టు చేస్తే, స్పీకర్లు రెండూ ఆ రేకు మోతను ఎంతో విశ్వాసంగా వీధి చివరి దాకా చేరవేశాయి. వెళ్లిన ప్రతిచోటికీ ఆటో, మోయడానికి ఇద్దరు మనుషులు. మూడో ఏడు అయినకాడికి అమ్మేశాను. ఆ తర్వాత కొన్న మైకు మాత్రం ఇప్పటికీ నా సంచిలోనే ఉంది. అందుకే మీకు నేను చెప్పేది ఒకటే: నోటి దగ్గరివీ తీగల దగ్గరివీ సొంతంగా కొనుక్కోండి. డబ్బాను మాత్రం మొదటి రెండు మూడు కార్యక్రమాలకు అద్దెకు తెచ్చుకోండి.

మైకుతో మొదలుపెడదాం. మీకు కావలసింది డైనమిక్ మైకు. మీ తమ్ముడు చెప్పే కండెన్సర్ మైకు మంచిదే, చాలా సున్నితంగా వింటుంది. వచ్చిన చిక్కంతా ఆ సున్నితత్వంతోనే. తలుపులు వేసుకున్న గదిలో రికార్డింగుకు అది వరం. హాల్లో అయితే మీ పాటతో పాటు ఫ్యాను హోరునూ, వెనక వరుసలో కుర్చీ జరిపిన చప్పుడునూ, అన్నిటికంటే ముఖ్యంగా స్పీకర్లోంచి తిరిగి వచ్చే మీ గొంతునే మళ్లీ వింటుంది. పైగా దానికి చాలావరకు కేబుల్ గుండానే 48 వోల్ట్ల కరెంటు (ఫాంటమ్ పవర్ అంటారు) అందించాలి, ఆ సదుపాయం ప్రతి యాంప్లిఫయర్‌లోనూ ఉండదు. డైనమిక్ మైకుకు ఇవేవీ అక్కర్లేదు. కింద పడినా సాధారణంగా బతుకుతుంది.

వీటిలో ప్రపంచమంతా ఎక్కువగా కనిపించేది షూర్ ఎస్‌ఎం58. 1966లో వచ్చింది, ఇవాళ్టికీ దాదాపు అదే రూపంలో అమ్ముతున్నారు. సెన్‌హైజర్ ఇ835 దానికి తీసిపోదు. కొన్ని గొంతులకు అదే బాగా నప్పుతుంది, ముఖ్యంగా పై స్థాయిలో కాస్త మెరుపు కావాలనుకునే వాళ్లకు. ఇంత ఖర్చు వద్దనుకుంటే బెరింగర్ ఎక్స్‌ఎం8500 ఉంది. ధరలో వాటికి చాలా దూరం, పనిలో అంత దూరం లేదు. ఎస్‌ఎం58 కొంటే మాత్రం అధీకృత డీలరు దగ్గర, బిల్లు తీసుకుని కొనండి. దానికి ఉన్నన్ని నకిళ్లు మరే మైకుకూ లేవేమో! సగం ధరకే వస్తోందంటే అది అసలుది కాదు.

ఈ మైకులు వినే తీరును కార్డియాయిడ్ అంటారు. లెక్కల టీచరుకు నేను బొమ్మ గీసి చూపించనక్కర్లేదు. ధ్రువ నిరూపకాల్లో ఒకటికి కాస్ తీటా కలిపి గీస్తే వచ్చే ఆ గుండె ఆకారమే ఇది. తీటా సున్నా అయినప్పుడు విలువ రెండు, అంటే ఎదుట ఉన్న మీ నోరు. తీటా 180 డిగ్రీలైనప్పుడు సున్నా, అంటే మైకు తోక వైపు. ఆ సున్నా ఎటుందో అటే స్పీకర్లు ఉండాలి. సంక్రాంతి కూతకు మందు ఈ సమీకరణంలోనే ఉంది. స్పీకర్లు మీకంటే ముందుకు, జనం వైపు తిరిగి ఉండాలి. మీరు వాటి వెనకాల నిలబడాలి. మీకు మీ పాట వినిపించడానికి ఎదురుగా ఒక చిన్న మానిటర్ స్పీకరు పెడితే అది మైకు తోకకు సూటిగా ఉండాలి. ఇంకొకటి: సినిమాల్లో చూసి మైకు జాలీని గుప్పిట మూసి పట్టుకునే వాళ్లుంటారు. అలా పట్టుకుంటే గుండె ఆకారం పోయి మైకు అన్ని వైపులా వినడం మొదలుపెడుతుంది, వెంటనే కూత. మీ రెండు చేతులూ గిటార్ మీదే ఉంటాయి కాబట్టి మీకు ఆ బెడద లేదు.

చేతులు ఖాళీ లేవంటే స్టాండు కావాలి. నిటారు స్టాండు కొనకండి, గిటార్ వెళ్లి దానికి కొట్టుకుంటుంది. పక్క నుంచి చేయి చాపినట్టు వంగి వచ్చే బూమ్ స్టాండ్ అడగండి. మూడు కాళ్లలో ఒకటి ఆ చేయి చాపిన వైపే ఉండేలా నిలబెడితే బరువుకు పడిపోదు. కేబుల్ రెండు చివర్లా మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్నదే తీసుకోండి. చవక మైకులతో పెట్టెలో వచ్చే వైరుకు ఒక చివర లావాటి జాక్ ఉంటుంది. అది చుట్టుపక్కల కరెంటు వైర్ల గుయ్యిమనే హమ్‌ను కూడా మోసుకొస్తుంది.

ఇక గిటార్. మీ ప్రశ్నలో అసలు కష్టం ఇక్కడే ఉంది. గిటార్‌కు కూడా ఒక మైకు పెట్టడం అందరికీ తోచే మార్గం. శబ్దం అన్నిటికంటే సహజంగా వచ్చేదీ అదే. రంధ్రానికి ఎదురుగా పెడితే బుంగలో ఊదినట్టు వస్తుంది కాబట్టి మెడ వచ్చి ఒంటికి కలిసేచోటికి గురిపెట్టి జానెడు దూరంలో పెడతారు. కానీ వేదిక మీద మీరు కదలకుండా కూర్చోవాలి, ఆ మైకు మీ గొంతునూ వింటుంది, రెండో మైకు వల్ల కూత ప్రమాదం పెరుగుతుంది. ఇంటి పాటకు సరే, గ్రంథాలయానికి వద్దు.

రెండో దారి పికప్, అంటే తీగల అదురును కరెంటు సంకేతంగా మార్చే పరికరం. అందులో ఒక రకం, గిటార్ బ్రిడ్జి మీద పెట్టించే పీజో పికప్. తీగలు ఒరిగి ఉండే తెల్ల పట్టీ కింద ఒక సన్నటి రేకు అమర్చి, గిటార్ పక్క చెక్క కోసి, ఆ సంకేతాన్ని పెంచే ప్రీయాంప్ అనే చిన్న పెట్టె బిగిస్తారు. దుకాణాల్లో ‘సెమీ అకూస్టిక్’ అని అమ్మే గిటార్లలో ఇదే ఉంటుంది. శబ్దం స్పష్టంగా వస్తుంది, గట్టిగా మీటితే మాత్రం కాస్త ప్లాస్టిక్ చప్పుడు. నాలుగేళ్లుగా చేతికి అలవాటైన గిటార్‌కు చెక్క కోయించడం నాకు మనసొప్పదు. చేసేవాడి చేయి తిరిగి ఉండకపోతే తీగల ఎత్తు కూడా మారిపోతుంది.

పైన అతికించే బిళ్ల పికప్‌లూ ఉన్నాయి. చవక, కోత లేదు. అయితే చేయి చెక్కకు తగిలినా, చొక్కా గుండీ రాసుకున్నా ఆ చప్పుడంతా సభకు వినిపిస్తుంది.

మీకు నేను చెప్పేది రంధ్రానికి అడ్డంగా బిగించే మాగ్నెటిక్ పికప్, సౌండ్‌హోల్ పికప్ అని అడగండి. రెండు మరలు బిగిస్తే చాలు, ఐదు నిమిషాల పని. కార్యక్రమం అయ్యాక తీసి సంచిలో వేసుకోవచ్చు. గిటార్ చెక్క కంటే తీగల కదలికనే ఎక్కువ పట్టుకుంటుంది కాబట్టి కూత బెడద తక్కువ. శబ్దంలో చెక్క వాసన కొంచెం తగ్గుతుంది, నిజమే. మీ సభలో వెనక వరుసలో కూర్చున్న పెద్దాయనకు ఆ తేడా తెలియదు. గిటార్ వినపడటం మాత్రం తెలుస్తుంది.

పికప్‌తో పాటు డీఐ బాక్సు ఒకటి కొనండి. అరచేతిలో పట్టే ఇనప పెట్టె. ఎందుకంటే బ్యాటరీ లేని పికప్‌లు చాలా బలహీనమైన సంకేతం ఇస్తాయి. దాన్ని మైక్ సెట్ వాళ్ల మిక్సర్‌కు నేరుగా తగిలిస్తే మిక్సరు దాన్ని నొక్కేస్తుంది, గిటార్ సన్నగా, నీరసంగా వస్తుంది. డీఐ బాక్సు మధ్యలో నిలబడి ఆ సంకేతాన్ని మైకు కేబుల్ మీద ఎంత దూరమైనా వెళ్లేలా మార్చి పంపుతుంది. యాక్టివ్ రకం అడగండి, పికప్‌కు అది నప్పుతుంది. గిటార్ నుంచి డీఐ బాక్సు దాకా వైరు ఐదారు మీటర్లకు మించకూడదు.

మైకు, బూమ్ స్టాండ్, కేబుళ్లు, పికప్, డీఐ. వీటికి మీ డబ్బులో సుమారు సగం పోతుంది. మిగతా సగాన్ని ఇప్పుడు ముట్టుకోకండి.

డబ్బా మాటకొస్తే, ముందు ఆ వాట్ల లెక్క తేల్చుకుందాం. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెళ్లు. పది బేస్‌కు రెండు లాగ్ ఎంతో మీకు తెలుసు కదా, దాన్ని పదితో హెచ్చవేసుకోండి. చెవికి అది ‘కాస్త పెంచారే’ అన్నంత తేడా. రెట్టింపు గట్టిగా ఉన్నట్టు అనిపించాలంటే దాదాపు పదిరెట్ల వాట్లు కావాలి. అందుకని 50 వాట్ల మంచి డబ్బాకూ 100 వాట్ల మంచి డబ్బాకూ మధ్య మీరు భయపడేంత తేడా లేదు. పైగా చక్రాల స్పీకరు మీద రాసే వెయ్యి తరచుగా పీఎంపీఓ లెక్క, అంటే రెప్పపాటులో వచ్చే శిఖరాన్ని వీలైనంత సాగదీసి రాసిన సంఖ్య. అడగాల్సింది ఆర్ఎంఎస్ వాట్లు, అంటే నిలకడగా ఇవ్వగలిగేవి. ఆ మాట ఎత్తగానే దుకాణదారు మాట మారిస్తే మీకు జవాబు దొరికినట్టే.

గ్రంథాలయానికి అద్దెకు తెచ్చుకునేటప్పుడు ఇలా చెప్పండి: 12 అంగుళాల పవర్డ్ స్పీకర్లు (లోపలే యాంప్లిఫయర్ ఉన్నవి) రెండు, వాటికి స్టాండ్లు, చిన్న మిక్సరు ఒకటి, బాకాలు వద్దు. స్పీకర్లు కూర్చున్న వాళ్ల తలల కంటే పైన ఉండాలి. నేల మీద పెడితే ముందు వరుస వాళ్ల మోకాళ్లే పాట వింటాయి.

రెండు మూడుసార్లు ఇలా పాడాక మీకే తెలుస్తుంది, మీరు పాడేది ఎక్కువగా గదుల్లోనా, ఆరుబయటా, కరెంటు ఉన్నచోటా లేనిచోటా అన్నది. అప్పుడు కొనాల్సింది అకూస్టిక్ యాంప్. ఒకే పెట్టెలో మైకుకు ఒక దారి, గిటార్‌కు ఒక దారి, దేని సౌండు దానికి, దేని టోన్ దానికి. ఫిష్‌మన్ లౌడ్‌బాక్స్ మినీ 60 వాట్లు, మార్షల్ ఏఎస్50డీ 50 వాట్లు. ఇవి ఈ కోవలోవే. బ్యాటరీ మీద కూడా నడిచేవి కావాలంటే రోలాండ్ క్యూబ్ స్ట్రీట్ రకాలు, బోస్ ఎస్1 ప్రో. వీటిలో కొన్ని మీ దగ్గర మిగిలే డబ్బుకు అందవు. అందకపోతే చవకదానికి దిగిపోకుండా ఇంకో ఆరు నెలలు అద్దెతోనే నడపండి. ఎలక్ట్రిక్ గిటార్ యాంప్‌ను ‘ఇదీ గిటార్‌దే కదండీ’ అని అంటగట్టబోతారు, వద్దు. దాని స్పీకరు గొంతులోని పై స్థాయిని కత్తిరించేస్తుంది, దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. బ్లూటూత్ ద్వారా మైకు కలిపే ఏర్పాటు అసలే వద్దు. శబ్దం ఒక క్షణంలో కొంత వంతు ఆలస్యంగా వస్తుంది, మీ వేలు ఒక తాళంలో, మీ గొంతు ఇంకో తాళంలో నడుస్తాయి.

సామాను చేతికొచ్చాక సర్దుకోవడం సగం పని. పెదవులకూ మైకుకూ మధ్య రెండు మూడు వేళ్ల ఎడం ఉంచండి. దగ్గరికి వెళ్లే కొద్దీ గొంతులో మంద్రం పెరుగుతుంది, దూరం రెట్టింపైతే ఏకంగా 6 డెసిబెళ్లు పడిపోతుంది. మన భాషలో ‘భ’, ‘ఫ’, ‘ప’ నేరుగా తగిలితే మైకు ఢాం అంటుంది. మైకును నోటికి సూటిగా కాక, కాస్త పక్కగా పెట్టుకుంటే ఆ గాలి తప్పుకుపోతుంది. మిక్సర్‌లో మీ గొంతు దారికి మరీ మంద్ర శబ్దాలను కోసేసే లో కట్ మీట ఉంటే నొక్కించండి. 80, 100 హెర్ట్‌జ్ కింద ఆడగొంతులో పాట ఏమీ ఉండదు, స్టాండు అదురూ ఫ్యాను గాలీ తప్ప. గిటార్ దారికి మాత్రం నొక్కకండి, దాని లావు తీగ 82 హెర్ట్‌జ్ దగ్గర పలుకుతుంది. అన్నిటికంటే గట్టిగా పాడే చరణాన్ని ముందే ఒకసారి పాడి, ఎర్ర దీపం వెలగనంత వరకే గెయిన్ (మైకు సంకేతాన్ని పెంచే బిరడా) పెట్టించండి.

ఇక రీసౌండ్! మైక్ సెట్ వాళ్లకు అదంటే ప్రాణం, మనలో చాలామందికీ అంతే. ఖాళీ హాల్లో వింటే గొంతు గంధర్వ లోకం నుంచి వస్తున్నట్టే ఉంటుంది. జనం నిండాక సాహిత్యం ఒక్క ముక్క అర్థం కాదు. ఏ.ఎం. రాజా లాంటి గాయకుడి మెత్తదనం మైకు దగ్గరగా పలకడంలో ఉంది, బావిలోంచి పలకడంలో లేదు. రీసౌండ్ కాస్త ఉంటే చాలని ఆ అబ్బాయికి నవ్వుతూ చెప్పండి, పాట మొదలయ్యాక అతను మళ్లీ పెంచుతాడు, మళ్లీ నవ్వండి.

ఒక విషయంలో మాత్రం నవ్వొద్దు. మన సభల్లో ఎర్తింగు సరిగ్గా లేని ప్లగ్గులు మామూలు. గిటార్ తీగలు ఒక దారిన, మైకు ఇంకో దారిన కరెంటు బోర్డులకు కలిసి ఉంటే, తీగ మీద చేయి ఉండగా పెదవి మైకుకు తగిలినప్పుడు షాకు కొట్టవచ్చు. నా పెదవి మీద అది ఒకసారి జరిగింది, ఆ పూట పల్లవి దాటలేదు. అన్నీ ఒకే బోర్డు నుంచి, మూడు పిన్నుల ప్లగ్గులతోనే తీసుకోమనండి. కార్యక్రమానికి ముందు టెస్టరు తెచ్చి మైకు జాలీకి, గిటార్ తీగకు ఆనించి చూడమనండి. వెలిగితే ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేసే దాకా పాడకండి. హమ్ పోతుందని ఎర్త్ పిన్ను విరిచేసే ఘనులుంటారు, అలాంటి వైరును ముట్టుకోకండి. హమ్ కోసమైతే చాలా డీఐ బాక్సుల మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉంటుంది, ముందు అది నొక్కి చూడండి.

వాడినవి కొనవచ్చా అన్నారు. స్టాండు, డీఐ బాక్సు నిస్సంకోచంగా కొనవచ్చు. మైకు అయితే తెలిసినవాళ్ల దగ్గర మాత్రమే, నకిళ్ల గొడవ చెప్పాను కదా. డబ్బా అయితే మీ మైకూ మీ గిటార్ పట్టుకెళ్లి అరగంట పాడి చూడాలి. ప్రతి బిరడానూ తిప్పితే కరకర రాకూడదు, అరగంట తర్వాత వేడెక్కి శబ్దం మారకూడదు. కేబుళ్లు మాత్రం కొత్తవే.

వారోత్సవాలు ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా కాబట్టి మీకు వ్యవధి ఉంది. డబ్బు తీసే ముందు ఇవాళే ఒక పని చేయండి. మీ గిటార్ తీగలు ఉక్కువా, నైలాన్‌వా చూడండి. ఉత్తరంలో ఆ మాట రాయలేదు. సన్న తీగలు మూడూ చేపల గాలం దారంలా పారదర్శకంగా ఉంటే అది నైలాన్, దాన్ని మాగ్నెటిక్ పికప్ పట్టుకోలేదు. అలాగైతే నేను పైన చెప్పిన పికప్ సలహా కొట్టేసి, అతికించే బిళ్ల పికప్‌కు రండి. చొక్కాకు గుండీలు లేకుండా చూసుకుంటే సరి.